మిషను మూత కింద గొంతు

పొద్దున్నే మైకాయన చేసే మొదటి పని, అద్దం ముందు నిలబడి మెడ కింది రంధ్రాన్ని శుభ్రం చేసుకోవడం. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన పలచటి గుడ్డతో చుట్టూ తుడుచుకుంటాడు. సన్నటి బ్రష్షుని లోపలి వాల్వులో పెట్టి మెల్లగా తిప్పుతాడు. ఒకసారి దగ్గి, భార్య కుట్టి ఇచ్చిన మెడగుడ్డ పైన కట్టుకుంటాడు. ఆ ముడి పడేసరికి పక్క గదిలో కుట్టుమిషను టకటక మొదలవుతుంది. దాని వెనకే గొంతు లేస్తుంది.

"ప్రయాణికులకు మనవి. రేవు మీదుగా పాతవంతెన వెళ్ళే బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

ఆ గొంతు మైకాయనదే. కాకపోతే అది ఆయన నోట్లోంచి రావడం లేదు. మిషను మీద కప్పే చెక్కమూతని కుట్టేటప్పుడు పక్కన బోర్లిస్తారు, దాని కిందనుంచి వస్తోంది.

ఇది తెలియాలంటే ముందు మెడలో ఏముంటుందో తెలియాలి. మనం పీల్చే గాలి వెళ్ళే దారికి పైకొసన ఒక చిన్న పెట్టె ఉంటుంది. చదువుకున్నవాళ్ళు స్వరపేటిక అంటారు, మిగతావాళ్ళు గొంతుపెట్టె అంటారు. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు అందులోని రెండు పలచని మడతలు వణికితే శబ్దం పుడుతుంది. దాన్ని నాలుకా పెదవులూ మాటగా మలుస్తాయి. మైకాయనకి ఆ పెట్టెలో గడ్డ లేచింది. డాక్టరమ్మ పెట్టెతో సహా తీసేసి, గాలి పీల్చుకోవడానికి మెడ కింద రంధ్రం పెట్టి, చిన్న వాల్వు అమర్చింది. బొటనవేలితో రంధ్రం మూస్తే ఊపిరి వాల్వులోంచి అన్నం దిగే గొట్టంలోకి మళ్ళి, అక్కడి గోడల్ని వణికిస్తుంది. అదీ మాటే. కానీ రాతి మీద కొడవలి నూరినట్టు ఉంటుంది.

పెట్టె పోతే గొంతూ పోతుంది, ఎవరికైనా అంతే. మైకాయనది మాత్రం ఇంటికి వచ్చేసింది.

ఆపరేషను అయిన మర్నాడు, ఉతికిన బట్టలు తీసుకెళ్దామని భార్య ఇంటికి వచ్చింది. తాళంచెవి కోసం సంచీ అంతా గాలిస్తుంటే తలుపు అవతలనుంచి, "పూలకుండీ కింద పెట్టావు కదటోయ్" అని వినపడింది. కుండీ ఎత్తి చూస్తే ఉంది. లోపలికి వెళ్ళి ఎక్కడున్నారని అడిగితే మిషను మూత కింద చిన్న దగ్గు. పాపం, ఆస్పత్రినుంచి ఎంత దూరం నడిచి వచ్చిందో అనుకుని, మూత మీది దుమ్ము తుడిచి, ఆమె మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిపోయింది. కింద వాటావాళ్ళు కూడా, "మీ ఆయన గొంతు వచ్చేసిందటగా టైలరమ్మా, మంచిదే, ఇల్లు బోసిపోకుండా ఉంటుంది" అన్నారు.

మైకాయన బస్టాండులో అనౌన్సరుగా పనిచేశాడు. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఉద్యోగం. ఆయనకో పద్ధతి ఉండేది. ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి. మూడోసారి మాత్రం మాటకీ మాటకీ మధ్య ఆగి, నిదానంగా చెప్పాలి. రెండుసార్లు చాలదా అని తోటివాళ్ళు విసుక్కుంటే, "మొదటి రెండూ పరిగెత్తగలిగినవాళ్ళకి. మూడోది పరిగెత్తలేనివాళ్ళకి" అనేవాడు. ఒకసారి రెండోసారికే కరెంటు పోతే, గదిలోంచి బయటికి వచ్చి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని మూడోది అరిచి మరీ లోపలికి వెళ్ళాడు. రెండు దగ్గర ఆపిన రోజు ఆయన సర్వీసులో లేదు.

మూత కింది గొంతుకీ ఒక నియమం ఉంది. అది మైకాయన ఎప్పుడో ఒకప్పుడు అన్న మాటలే అనగలదు. కొత్త మాట ఒక్కటీ అల్లలేదు. అయితేనేం, టైలరమ్మకి ఏ ప్రశ్నకి ఏ జవాబు వస్తుందో బాగా తెలుసు. కాబట్టి ఇద్దరికీ కబుర్లకి లోటుండేది కాదు. జాకెట్టు చేతులు అతుకుతూ ఆమె ఏదో అడిగేది, అది ఏదో అనేది, ఆమె నవ్వేది. ఫోను మోగితే, చేతులు బట్టకింద ఉంటాయి కనక మోచేత్తో స్పీకరు నొక్కేది. "ఆఁ, నేనే, చెప్పండి" అని మూతే పలికేది. కొలతలు ఆమె చెప్పేది. మైకాయన ఒకటి రెండుసార్లు తనే ఫోను ఎత్తి చూశాడు. అవతలివాళ్ళు లైను బాగాలేదని పెట్టేశారు.

చుట్టుపక్కలవాళ్ళు బస్సు టైములు కూడా మూతనే అడిగేవారు. అది అయిదేళ్ళ కిందటి టైములు ఖంగుమని చెప్పేది. కింద వాటాయన అలా రెండుసార్లు బస్సు తప్పిపోయి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. అయినా మూతని పల్లెత్తు మాట అనలేదు. "అంత నమ్మకంగా చెప్పింది కదండీ, తప్పు బస్సుదే" అన్నాడు.

మైకాయన ఇవన్నీ చూస్తూ కూర్చునేవాడు.

ఆడదానికి సవతి ఉంటే లోకానికి అర్థమవుతుంది, నలుగురూ చేరి ఓదారుస్తారు. మగవాడికి తన గొంతే సవతి అయితే ఎవరితో చెప్పుకుంటాడు? ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చిన మొదటిరోజే దెబ్బ తగిలింది. గడపలో నిలబడి, వారాల తరబడి నేర్చుకున్న విద్య చూపిద్దామని, బొటనవేలు రంధ్రం మీద పెట్టి, "ఏమోయ్" అన్నాడు. సరిగ్గా అప్పుడే మూత కూడా, "ఏమోయ్" అంది. గుండ్రంగా, నిండుగా, ఇరవయ్యేళ్ళనాటి పిలుపు. భార్య తల తిరిగింది. మూతవైపు తిరిగింది.

అంతే. ఆ రోజునుంచి ఇంట్లో ఆయన సైగలే చేశాడు.

వాకింగునుంచి వచ్చేసరికి లోపల నవ్వులు వినపడేవి. చెప్పులు విప్పేసరికి ఆగిపోయేవి. నిజానికి ఆమె ఆపేది కాదు, అప్పటికి నవ్వు అయిపోయేది, అంతే. కానీ అసూయ ఉన్న చెవికి రెండూ ఒకటే. భోజనానికి కూర్చుంటే, ముద్ద నోట్లో పెట్టకముందే మూత, "ఉప్పు తక్కువైంది" అనేది. ఆమె లేచి ఉప్పుడబ్బా తెచ్చేది. ఆయనకి ఉప్పు సరిపోయిందో లేదో ఆయన్ని ఎవరూ అడగలేదు. గాలి ముక్కులోంచి పోవడం మానేశాక వాసనా రుచీ సగం తగ్గాయి కనక, ఆయన కూడా గట్టిగా కాదనలేకపోయాడు. అదింకా మండేది.

ఒకరోజు మూత మీద దిండు పెట్టాడు. ఊపిరాడదండీ అని ఆమె తీసేసింది. ఇంకోరోజు మూతని అటక మీద పెట్టాడు. మర్నాడు పొద్దున అది మిషను పక్కనే ఉంది.

ఆయన నోరు విప్పేది గురువారాలే. ఆస్పత్రిలో, చికిత్స అయినవాళ్ళు వారానికోసారి కలిసే గది ఒకటి ఉంది. గుండ్రంగా వేసిన కుర్చీలు, మూలన నీళ్ళ కూజా, కిటికీ కింద సైకిళ్ళు. అక్కడికి వచ్చేవాళ్ళందరూ గొంతుపెట్టె లేనివాళ్ళే. గరగరకి గరగరే జవాబు కనక ఎవరికీ సిగ్గుండదు. ఒక డ్రిల్లు మాస్టారు వచ్చేవాడు, ఒక లారీ డ్రైవరు వచ్చేవాడు. తోపుడుబండి మీద ఆకుకూరలమ్మే ఆవిడ వచ్చేది. మిగతావాళ్ళవి గడ్డలు. ఆవిడది మాత్రం ప్రమాదం. బండిని ఒక వ్యాను గుద్దితే కమ్మీ వచ్చి గొంతుకి తగిలి, పెట్టె నుజ్జయిపోయింది. ఆవిడకి వాల్వు కుదరలేదు. టార్చిలైటులాంటి బ్యాటరీ యంత్రం దవడ కింద ఆనిస్తే, మాటలు తుమ్మెద రొదలాగా ఒకే ఎత్తున వస్తాయి. కూతురు పోయాక మనవరాలిని ఆవిడే పెంచుతోంది. ఆ పసిది ఆవిడ ఒళ్ళో కూర్చుని యంత్రం బొత్తాన్ని నొక్కి ఆడుకునేది.

ఒక గురువారం డాక్టరమ్మ వచ్చి, కుర్చీ లాక్కుని అందరి మధ్యా కూర్చుంది. చనిపోయినవాళ్ళ గొంతుపెట్టెని ఇంకొకరికి అతికించే ఆపరేషను మా దగ్గరా మొదలుపెడుతున్నాం, మీకేమనిపిస్తోందో చెప్పండి, అంది. దాచకుండా అన్నీ చెప్పింది. శరీరం కొత్త భాగాన్ని దొంగ అనుకుని తరుముతుంది. తరమకుండా ఉండాలంటే మన ఒంట్లోని కాపలావాడికి జీవితాంతం నిద్రమందు పొయ్యాలి. కాపలావాడు నిద్రపోతే ఊళ్ళో జబ్బులన్నీ లోపలికి వస్తాయి. ఒకప్పుడు గడ్డ వచ్చినవాళ్ళకి ఆ పాత దొంగ కూడా తిరిగి రావచ్చు. ఇంతా చేస్తే పాత గొంతు రాదు. పెట్టె ఇంకొకరిది, నోరు మీది, రెండిటికీ మధ్య ఏదో ఒకటి వస్తుంది.

డ్రిల్లు మాస్టారు వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. తన కూతురు ఈ గరగరకే నాన్నా అని పలుకుతోందనీ, రేపు ఎవడి గొంతుతోనో పిలిస్తే తలుపు తియ్యదనీ అన్నాడు. లారీ డ్రైవరుది ఇంకో లెక్క. పాత లారీకి కొత్త ఇంజను వేస్తే బాడీ ఊడుతుంది డాక్టరమ్మా, ఉన్నదాంతో నడిపించుకుంటాను అన్నాడు. అందరి భుజాలూ కదిలాయి. గొంతులేనివాళ్ళ నవ్వు అలాగే ఉంటుంది, భుజాలతోటీ, మెడ కింద చిన్న ఈలతోటీ.

ఆకుకూరలావిడ యంత్రం ఆనించింది. "నాకు గొంతు అందం అక్కర్లేదమ్మా. రెండు చేతులూ ఖాళీ కావాలి."

అదెంత అవసరమో చూస్తే తెలుస్తుంది. ఒక చెయ్యి యంత్రానికి పోతే ఒంటిచేత్తో బండి తొయ్యలేదు. తోస్తే కేక వెయ్యలేదు. తక్కెడ పట్టుకుంటే బేరం ఆడలేదు. రేకుపళ్ళెం కొడుతూ వీధులు తిరిగేది. పళ్ళెం చప్పుడుకి కుక్కలు పలికినంతగా మనుషులు పలికేవారు కాదు.

మైకాయన కుర్చీలోంచి లేచి నిలబడి, "నాకు కావాలి" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని బయటికి తీసుకెళ్ళి, మీకు గడ్డ తీసి అయిదేళ్ళు దాటింది కనక నిబంధన ఒప్పుకుంటుంది గానీ నా మనసు ఒప్పుకోవడం లేదు అంది. ఎందుకు కావాలో అడిగింది. మా ఇంట్లో నేను మాట్లాడాలి అన్నాడు. ఇప్పుడు మాట్లాడుతున్నారుగా అంటే, ఇది మాట కాదు అన్నాడు. గుంపులో అందరికన్నా ముందు చేరినవాడు కనక, వరసలో ఆయనకే మొదటి చోటు వచ్చింది. ఆకుకూరలావిడకి రెండోది. ఆవిడ కుర్చీ కింద పడిన మనవరాలి చెప్పు వెతికి తొడిగింది.

ఆ రోజు టైలరమ్మ కూడా ఆస్పత్రికి వచ్చిన సంగతి ఆయనకి తెలియదు. ఉతికిన మెడగుడ్డ మరిచిపోయాడని వెనకే బస్సెక్కి వచ్చింది. గది తలుపు ఓరగా ఉంది. లోపల ఆమె మొగుడు కథ చెబుతున్నాడు. డ్రైవరు ఎక్కకుండానే కండక్టరు రైట్ రైట్ అన్న బస్సు కథ. బొటనవేలు ఎత్తుతూ దించుతూ, ఊపిరి ఎక్కడ ఆపితే నవ్వు ఎక్కువ వస్తుందో చూసుకుని ఆపుతూ, తీరిగ్గా చెబుతున్నాడు. అంత పొడుగు మాట ఆ కొత్త గొంతుతో ఆమె అయిదేళ్ళలో ఒక్కనాడూ వినలేదు. జారిపోతున్న ఆయన మెడగుడ్డ ముడిని పక్క కుర్చీలోని ఆకుకూరలావిడ సర్ది కట్టింది. కట్టి, సరిగ్గా కట్టుకోవడం కూడా రాదా అన్నట్టు భుజం మీద ఒకటి వేసింది. ఆయన నవ్వాడు.

టైలరమ్మ మెడగుడ్డ సంచీలోనే ఉంచుకుని తిరిగి వచ్చేసింది.

సాయంత్రం ఆయన వచ్చి, ఆపరేషనుకి వరసలో చేరానని బొటనవేలు పెట్టి చెప్పాడు. ఇంట్లో ఆయన మాట్లాడటమే అరుదు, మాట్లాడితే ఇది. ఆమె మిషను ఆపలేదు. ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ ఎందుకట అని అడిగింది.

ఆయన మూతవైపు వేలు చూపించాడు. "రోజంతా దాంతోనే కదా నీ కబుర్లు. నేనో మనిషిని ఉన్నానని గుర్తుందా?"

మిషను ఆగింది.

"మీరా? మీరు గురువారం మనిషి" అంది ఆమె. "వారమంతా మూగనోము పట్టి, ఉన్న గొంతంతా మూట కట్టుకెళ్ళి అక్కడ విప్పుతారు. కథలట, నవ్వులట. ముళ్ళు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంటికొచ్చేసరికి బొటనవేలు జేబులో. నాకు మీరు వదిలిపెట్టి వెళ్ళింది ఈ మూతే. దీంతో కాక గోడతో మాట్లాడనా?"

ఆయనకి, తనకొక్కడికే ఉందనుకున్న జబ్బు ఇంట్లో ఇంకొకరికీ ఉందని అప్పుడే తెలిసింది. మూతకి మాత్రం ఇద్దరి బాధా పట్టలేదు. "తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి" అంది.

ఆ తర్వాత ఇంట్లో ముగ్గురూ ముభావంగానే ఉన్నారు. ఆయన మంకు వదల్లేదు. వాకింగులో, స్నానంలో, కొత్త గొంతుతో మొట్టమొదట ఏమనాలో ఎంచుకుంటూ ఉండేవాడు. మూత ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా, ఆగు, నీ సంగతి తేలుస్తా, అన్నట్టు చూసేవాడు. ఆమెకి మాత్రం సూది వేలికి గుచ్చుకోవడం ఎక్కువైంది.

వర్షాలు వెనకపట్టాక ఒకరోజు, మధ్యాహ్నం వంట ఇంకా పొయ్యి మీద ఉండగానే ఫోను మోగింది. మైకాయన వెనక వసారా కుళాయి దగ్గర బ్రష్షు కడుక్కుంటున్నాడు. టైలరమ్మ అలవాటుగా మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఆఁ, నేనే, చెప్పండి" అంది మూత.

ఆస్పత్రినుంచి ఒక అమ్మాయి. గొంతుపెట్టె దొరికిందనీ, అది గంటల్లో పాడైపోతుందనీ, ఏమీ తినకుండా వెంటనే బయల్దేరాలనీ గబగబా చెప్పింది. మీరు కాదంటే మీ తర్వాత ఉన్న ఆకుకూరలావిడకి ఫోను చేస్తాం, వస్తున్నారా, అని అడిగింది.

టైలరమ్మ పాదం మిషను తొక్కుడు మీద బిగుసుకుపోయింది. ఆమె నోరు తెరిచేలోపు మూత అందుకుంది.

"ప్రయాణికులకు మనవి. తోసుకోకండి. పసిపిల్లలతో ఉన్నవాళ్ళని ముందు ఎక్కనివ్వండి. వెనక ఇంకో బస్సు ఉన్నది."

అవతల అమ్మాయి కాగితాలు తిరగేసింది. "అంటే, ఆవిడకే ఇచ్చెయ్యమంటున్నారా?"

మూత అదే మాట రెండోసారి చెప్పింది. అప్పటికి మైకాయన చేతిలో తడి బ్రష్షుతో గుమ్మంలో ఉన్నాడు. స్పీకరు మాటలు వింటూ వచ్చాడు కనక విషయమంతా అర్థమైంది. కొత్తది వస్తే తనకి చోటుండదని పాతది కుళ్ళుకుని అడ్డం పడిందనుకున్నాడు. ఆ అనుకోవడం తప్పేమీ కాకపోవచ్చు. గొంతు ఆయనదే అయినప్పుడు కుళ్ళు మాత్రం ఇంకొకరిది ఎందుకవుతుంది? ఫోను లాక్కుందామని రెండు అడుగులు వేశాడు.

కానీ మూత ఆగిపోయింది. రెండుసార్లు చెప్పి ఊరుకుంది.

ఆయన కూడా ఆగాడు. మూడోది రావాలి. పరిగెత్తలేనివాళ్ళకి చెప్పేది ఇంకా రాలేదు. ఆయన చెవులు దానికోసం ఎదురుచూశాయి. మూత కింద చప్పుడు లేదు. పొయ్యి మీద మూకుడు మాత్రం ఉడుకుతోంది. టైలరమ్మ మూతవైపు చూడటం లేదు. ఆయనవైపే చూస్తోంది.

"హలో, ఖాయమేనా? ఇంకొకసారి చెప్పండి" అంది అమ్మాయి.

జీవితమంతా వరసలో నిలబడండని చెప్పి బతికినవాడు, వరసలో ఎవరిని తోసుకుని ముందు నిలబడ్డాడో ఆయనకి అప్పుడు కనపడింది. ఒక చేత్తో యంత్రం, ఒక చేత్తో బండి, బండి మీద ఆకుల నీడలో నిద్రపోయే పసిది. రెండు దగ్గర ఆపిన రోజు ఆయన సర్వీసులో లేదు. బ్రష్షు మిషను బల్ల మీద పెట్టి, బొటనవేలు మెడ కింద ఆనించాడు.

"పసిపిల్లలతో," అని ఊపిరి తీసుకున్నాడు. "ఉన్నవాళ్ళని... ముందు... ఎక్కనివ్వండి."

ఇంకో మాట మిగిలింది. వెనక ఇంకో బస్సు లేదని ఆయనకి తెలుసు. ఇంకోసారి డాక్టరమ్మ ఒప్పుకోదు. ఆ మాటకొస్తే బస్టాండులో కూడా చాలాసార్లు వెనక బస్సు ఉండేది కాదు. అయినా అనేవాడు.

"వెనక... ఇంకో బస్సు... ఉన్నది."

"ఇదెవరండీ మాట్లాడేది? లైను గరగరమంటోంది."

"లైను బాగానే ఉందమ్మా" అంది టైలరమ్మ. "ఆయనే. వాళ్ళిద్దరూ ఆయనే. ముందు ఆవిడకి ఫోను చెయ్యి." మోచేత్తో స్పీకరు ఆపేసి, మూకుడు దించడానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది, పొయ్యి సెగకన్నట్టు.

మర్నాడు పొద్దున మూత అన్ని బస్సులూ పిలిచింది. పసిపిల్లలవాళ్ళని ఎక్కనిమ్మనే మాట మాత్రం రాలేదు. టైలరమ్మ ఎన్ని రకాలుగా అడిగినా రాలేదు. ఆ మాట ఇప్పుడు మైకాయన దగ్గర ఉంది, రెండుచోట్ల ఉండదు. ఆ సంగతి కనిపెట్టగానే ఆయన కళ్ళు మెరిశాయి. కుర్చీ లాక్కుని మిషనుకి ఎదురుగా వేసుకున్నాడు. మొదటిరోజు మూతతో కలిసిపోయిన "ఏమోయ్" ముందు అన్నాడు, ఈసారి తనొక్కడే. అంతే, మూతలోంచి ఏమోయ్ పోయింది. తర్వాత పూలకుండీ, ఆ తర్వాత రేవు బస్సు, పాతవంతెన బస్సు. రోజుకిన్ని చొప్పున, పగబట్టినట్టు, పాత మాటలన్నీ ఒక్కొక్కటే లాక్కున్నాడు. చివరికి "ఆఁ, నేనే, చెప్పండి" కూడా లాక్కున్నాడు. ఫోనులో అవతలివాళ్ళు లైను బాగాలేదంటే, లైనుకేం, గొంతే ఇంత, కొలతలు చెప్పండి అనేవాడు. కింద వాటాయన బస్సు టైము అడిగితే, వెళ్ళి బోర్డు చూసుకో అనేవాడు. దాంతో వాటాయనకి బస్సులు అందడం మొదలైంది.

పంతానికి మొదలుపెట్టిన పనే. కానీ మూతలో మాటలు తరిగేకొద్దీ అందులో లేనివి కూడా అనవలసి వచ్చింది. ఒకనాడు ఆమె కుట్టు ఆపి మెడ వెనక రుద్దుకుంటుంటే, "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. ఆ మాట మూతలో ఎన్నడూ లేదు. ఆమె తల తిరిగింది. ఈసారి ఆయనవైపు తిరిగింది.

గురువారాలు ఆమె కూడా వెంట వెళ్ళడం మొదలుపెట్టింది. మెడగుడ్డ ముడి ఇంటి దగ్గరే, రెండు ముళ్ళు వేసి, ఎవరూ సర్దే పని లేకుండా గట్టిగా కట్టేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున వీధి ఆ చివరనుంచి కేక వినపడింది. రేకుపళ్ళెం చప్పుడు లేదు. ఆకుకూరలావిడ రెండు చేతులతో బండి తోసుకుంటూ వస్తోంది. ఆ గొంతు ఆవిడ పాతదీ కాదు, ఇంకెవరిదీ కాదు. కొంచెం జీర, మధ్యలో ఒక మగరాయుడి బరువు, చివర పిల్లకోడి కూత. ప్రతిరోజూ గుప్పెడు మందులు మింగుతోందనీ, జనంలోకి వెళ్ళేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటోందనీ, రొంప వచ్చినా డాక్టరమ్మ పరిగెత్తుకొస్తోందనీ మైకాయనకి తెలుసు. అయినా కిటికీ దగ్గర నిలబడి ఆ కేక చివరిదాకా విన్నాడు. అది తన మెడలో మోగవలసింది. అసూయ అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు, ఏ డాక్టరూ దాన్ని పెట్టెతో సహా తియ్యలేడు.

ఆవిడ బండి ఆపి పైకి చూసింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి మనవరాలి నెత్తి మీద. "ఏం మైకాయనా, దిగుతావా, నన్నే మెట్లెక్కమంటావా?"

ఆయన దిగి, రెండు కట్టలు ఎంచుకుని వచ్చాడు.

మధ్యాహ్నం ఆ ఆకుకూరే వండింది టైలరమ్మ. ఇద్దరూ కూర్చున్నారు. ఆయన ముద్ద కలుపుతుండగా మిషను గదిలోంచి నిండుగా, గుండ్రంగా, "ఉప్పు తక్కువైంది" అని వినపడింది. మూతలో మిగిలిన ఒకే ఒక్క మాట అది. ఆ వంకైనా లేకపోతే దానికి ఇంట్లో ఏం పని?

టైలరమ్మ నవ్వి ఉప్పుడబ్బాకి లేచింది. ఆ నవ్వు చూసి ఆయన బొటనవేలు మెడ దాకా వెళ్ళింది. ఆ ఒక్క మాట కూడా అనేస్తే సరి, మూత ఖాళీ. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి దించి, ఆమె వేసిన ఉప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.